ఎముకకు సున్నము ఒక్కటే చాలునా?

ఈ మధ్య నా వద్దకు వచ్చే రోగులలో చాలమంది తమ వ్యాధి పేరును తామే చెప్పుకుంటున్నారు. “అయ్యా, నాకు కాల్షియం తగ్గింది” అంటారు. మోకాలు నొప్పి అయినా, నడుము పట్టు అయినా, పిక్కలు లాగినా మాట అదే. వెంటనే మాత్రల సీసా చూపిస్తారు. నేను ముందుగా వారిని నోరు తెరచి పళ్లు చూపించమంటాను. తరువాత ఏ నీరు త్రాగుతున్నారని అడుగుతాను. మోకాలికీ పళ్లకూ సంబంధమేమిటని కొందరు నవ్వుతారు. ఆ సంబంధం నాకు తెలియడానికి ఒక రోగి ఆరునెలలు వృథాగా బాధపడవలసి వచ్చింది. ఆ సంగతి చెప్పే ముందు కొంత శాస్త్రం చెప్పుకోవాలి.

రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అనే సప్తధాతువులలో అస్థి ఐదవది. తిన్న అన్నం ముందు నాలుగు మెట్లూ సవ్యంగా ఎక్కితేనే ఐదవ మెట్టుకు పోషణ అందుతుంది. అందుచేతనే జఠరాగ్ని మందగించినవానికి ఎంత పాలు పోసినా ఎముకకు చేరేది స్వల్పం. ఎముకలను చరకుడు 360గానూ, సుశ్రుతుడు 300గానూ లెక్కించారు. నేటి శాస్త్రం 206 అంటుంది. ఈ తేడాను చూసి పూర్వులకు లెక్క తెలియదనుకోవడం పొరపాటు. వారు పళ్లను, మృదులాస్థులను కూడా లెక్కలో చేర్చారు. సుశ్రుతుడు అస్థులను కపాల, రుచక, తరుణ, వలయ, నలకములని ఐదు జాతులుగా విభజించి, దంతములను రుచకాస్థులన్నాడు. పన్ను కూడా ఎముకే అన్న ఈ ఒక్క మాటను పాఠకులు గుర్తుంచుకోవలెను. మున్ముందు దీనితో పని ఉంది.

త్రిదోషాలలో వాతానికి అస్థి నివాసస్థానం. మిగిలిన చోట్ల దోషం పెరిగితే ధాతువు పెరుగుతుంది. ఇక్కడ మాత్రం వాతం పెరిగితే ఎముక క్షీణిస్తుంది. అస్థిక్షయం కలిగినప్పుడు ఎముకలలో పోట్లు, పళ్లు కదలుట, గోళ్లు విరుగుట, వెంట్రుకలు రాలుట కనిపిస్తాయి. ఇది ఒక పక్షం. అస్థివృద్ధి అనే రెండవ పక్షం కూడా శాస్త్రంలో ఉంది. ఎముకపై ఎముక పెరుగుట, పన్నుపై పన్ను వచ్చుట దాని లక్షణాలు. మా గురువుగారి ఇంట చదువుకునే రోజులలో ఈ రెండవ పక్షాన్ని వల్లె వేశాను గాని, దాని మీద మనసు పెట్టలేదు. అటువంటి రోగి ఎక్కడుంటాడులే అనుకున్నాను.

ఇక ఆధునిక శాస్త్రం చెప్పేది. పెద్దవాని శరీరంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. దానిలో నూటికి 99 పాళ్లు ఎముకలలోను, పళ్లలోను ఉంటుంది. మిగిలిన ఒక్క పాలు రక్తంలోను, కండలలోను ఉండి గుండె కొట్టుకొనుటకు, కండరాలు ముడుచుకొనుటకు, రక్తం గడ్డకట్టుటకు తోడ్పడుతుంది. రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల వరకు ఉండవలెను. తిండిలో చాలకపోతే కంఠంలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముక నుండి తీసి రక్తానికి ఇస్తాయి. పల్లెటూరి పాఠకులకు చెప్పాలంటే రక్తం రోజువారీ కర్చు, ఎముక గింజల పాతర. పాతర తవ్వుకుని తింటున్న ఇంటిలో పొయ్యి ఆరదు. బయటివారికి లేమి తెలియదు. అందుకే రక్తపరీక్షలో కాల్షియం సరిగా ఉన్నదన్నంత మాత్రాన ఎముక బాగున్నదని అర్థం కాదు. ఆ పాతర నిండేది ఇంచుమించు ముప్పై ఏళ్ల లోపుననే. ఆ తరువాత ఉన్నదానిని కాపాడుకొనడమే.

ఎముక కేవలం సున్నం కూడా కాదు. సున్నము, భాస్వరము కలిసిన లవణం అది. ఈ భాస్వరాన్ని రక్తంలో కొలిచే పద్ధతిని 1925లో లోకానికి ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు సైరస్ ఫిస్క్‌తో కలిసి దానిని రూపొందించారు. ఆయన 1923లో అమెరికా చేరక మునుపు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధకులుగా ఉన్నారని తెలిసినవారు తక్కువ. విషయాంతరమైనా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు నా తప్పిదం.

1986లో పొదిలి ప్రాంతం నుండి నలభై ఏళ్ల రైతు ఒకరు వచ్చారు. మెడ పక్కకు తిరగదు. వెనుక ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తంగా తిరగాలి. నేల మీద పడిన రూపాయి తీసుకోలేరు. నడుము కర్రలాగా బిగిసింది. గొంతుక్కూర్చోవడం పోయి రెండేళ్లయిందన్నారు. నేను కటిగ్రహమని నిశ్చయించి మహారాస్నాది కషాయం, తైలమర్దనం చెప్పాను. ఫలించలేదు. ఇది అస్థిక్షయమే అయి ఉంటుందని తలచి శంఖభస్మం, ప్రవాళభస్మం పాలతో ఇచ్చాను. శంఖము, శుక్తి, వరాటిక, ప్రవాళము ఇవన్నీ సుధావర్గం. అంటే సున్నపు జాతి. ఎముక తగ్గితే సున్నం ఇవ్వాలి గదా అన్నది నా తర్కం. ఆరునెలలు గడిచాయి. పోట్లు తగ్గలేదు సరిగదా, వేళ్లలో తిమ్మిరి మొదలైంది. ఆయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. నెలనెలా బస్సు దిగి, కర్ర పట్టుకుని వచ్చేవారు.

గురువుగారికి కార్డు వ్రాశాను. జవాబు నాలుగు పంక్తులలో వచ్చింది. “నాయనా, వాని పళ్లు చూచితివా? వాని ఎద్దు ఎట్లున్నదో అడిగితివా? ఏ బావి నీరు త్రాగుచున్నాడు? ఇవి తెలియక ఔషధము మార్చకుము.” నేను నాడి చూశాను, నాలుక చూశాను. పళ్లు చూడలేదు.

మరుసటి నెల ఆయన వచ్చినప్పుడు నోరు తెరిపించాను. పళ్ల మీద అడ్డంగా పసుపు, గోధుమ రంగు చారలు. కొన్నిచోట్ల పన్ను పెచ్చు లేచి గుంటలు పడింది. పొగాకు గార అనుకుని ఇంతకు ముందు దాటవేశాను కాబోలు. ఎద్దు సంగతి అడిగితే ఆశ్చర్యపోయారు. “ఎద్దా అయ్యా? రెండేళ్ల కిందటే అమ్మేశా. పడుకుంటే లేచేది కాదు, నిలబడితే పడుకునేది కాదు. కాళ్లు కట్టెల్లాగా బిగిసినయ్. మా ఊళ్లో ఎడ్లన్నిటికీ ఇట్టాగే పడతది” అన్నారు. గుంటూరులో ఎక్స్‌రే తీయించాము. ఎముక పలచబడి ఉంటుందని చూస్తే, సున్నం పూసినట్టు తెల్లగా, దట్టంగా ఉంది. వెన్నెముక పక్కన స్నాయువులు కూడా ఎముకగా మారి పూసను పూసకు అతికించివేశాయి. ఇది క్షయం కాదు, వికృతమైన వృద్ధి. గురువుగారింట నేను మనసు పెట్టని ఆ రెండవ పక్షం నా ఎదుట కుర్చీలో కూర్చుని ఉంది.

ఈ వ్యాధిని ఫ్లోరోసిస్ అంటారు. భారతదేశంలో దీనిని మొదట గుర్తించినది మన ప్రాంతంలోనే. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1930 దశకం మొదట్లో అక్కడి రైతులు తమ ఎడ్లు కీళ్లు బిగిసి నడవలేకపోవడం గమనించారు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడే మూలమని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. దీనిని నేను వైద్యం మొదలుపెట్టేనాటికి అరవై మైళ్ల దూరంలో ఉండి కూడా ఎరుగను. ఎద్దును చూసి మనిషిని తెలుసుకొమ్మన్న గురువుగారికి ఆ పత్రిక తెలుసునో, లేక రైతుల నోట విన్నారో నేను అడగలేదు.

ఆ ప్రాంతపు రాళ్లలో ఫ్లోరైడు గల ఖనిజాలు ఉన్నాయి. వాన తక్కువ, బావి లోతు ఎక్కువ. రాతి పొరలలో చిరకాలం నిలిచిన నీరు ఆ విషాన్ని కరిగించుకుంటుంది. ఇక్కడ కూడా కాల్షియం పాత్ర ఉన్నది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి కరగని లవణంగా అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువై, సోడా గుణం ఎక్కువైన నీటిలో ఫ్లోరైడు స్వేచ్ఛగా ఉండిపోతుంది. సబ్బు బాగా నురుగు వస్తున్నది గనుక మా బోరు నీరు మంచిదని చెప్పేవారు ఈ మాట ఆలోచించవలెను. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిదని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చునని మన దేశపు ప్రమాణం. దీనికి రంగు లేదు, వాసన లేదు. రుచి వలన కనిపెట్టలేము.

కడుపులో ఏమి జరుగుతుందో చూడండి. ఆహారంలో కాల్షియం పుష్కలంగా ఉంటే, నీటితో వచ్చిన ఫ్లోరైడులో కొంత దానితో ముడిపడి మలంతో పోతుంది. ఆహారంలో కాల్షియం లేకపోతే ఫ్లోరైడు రక్తంలో చేరి, ఎముక లవణంలో చోటు సంపాదించుకుంటుంది. అట్టి ఎముక దట్టంగా కనిపిస్తుంది గాని పెళుసు. ఆ కొత్త ఎముక కట్టుబడికి సున్నం కావాలి. తిండిలో లేదు గనుక మళ్లీ పాతరే తవ్వాలి. ఒకే మనిషిలో ఒకచోట ఎముక అతిగా పెరుగుతూ, మరొకచోట క్షీణిస్తూ ఉంటుంది. నల్లగొండ జిల్లాలో పిల్లల మోకాళ్లు లోపలికి ఒరుసుకుని, పాదాలు ఎడమైపోవడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో వివరించారు. విషం నీటిలోనిదే. పేదవాని పళ్లెం దానికి తోడైంది.

మరి నేను ఆయనకు ఇచ్చిన సున్నం తప్పా? సున్నం తప్పు కాదు. నీరు మార్చకుండా సున్నం ఇవ్వడం తప్పు. నిదానపరివర్జనం, అనగా కారణాన్ని తొలగించుటయే తొలి చికిత్స అని మొదటి సంవత్సరంలోనే చదివినవాణ్ణి, కారణం బిందెలో ఉండగా భస్మం పొట్లాలు కట్టాను.

ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఒకసారి బిగిసిపోయిన వెన్నెముకను తిరిగి వంచగల ఔషధం నాకు తెలియదు. ఆయుర్వేదంలో ఉన్నదని ఎవరైనా పొట్లం అమ్మితే నమ్మవద్దు. చరకుడు అస్థివ్యాధులకు పంచకర్మలు, ముఖ్యంగా తిక్తద్రవ్యాలతో పక్వమైన పాలు, నేయి గల వస్తులు చెప్పాడు. ఇవి వైద్యుని పర్యవేక్షణలో చేస్తే పోట్లు తగ్గి ఉపశమనం కలుగుతుంది. అంతవరకే.

నీటి విషయంలో మూడు భ్రమలు ఉన్నాయి. కాచితే పోతుందనుకుంటారు. పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది. వడకడితే పోతుందనుకుంటారు. కరిగినది గుడ్డకు అంటదు. కుండలో తేరితే పోతుందనుకుంటారు. అదీ నిజం కాదు. పటిక, సున్నం సరైన పాళ్లలో కలిపి తేర్చే నల్లగొండ పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు 1970 దశకంలో రూపొందించారు. అది పనిచేస్తుంది. కాని పరీక్ష ప్రకారం పాళ్లు మార్చాలి, ప్రతిదినం శ్రద్ధ కావాలి. చేతికి తోచినంత పటిక వేస్తే వేరొక కీడు. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో మీ బావి నీరు ఒకసారి పరీక్ష చేయించుకొనవలెను. త్రాగుటకు, వంటకు మాత్రం నది నీరో, వాన నీరో, శుద్ధి యంత్రపు నీరో వాడండి. స్నానానికి, బట్టలకు బోరు నీరు చాలు. అయితే శుద్ధి యంత్రం ఫ్లోరైడుతో పాటు నీటిలోని సున్నాన్ని కూడా తీసివేస్తుంది. ఆ లోటు పళ్లెంలో పూడ్చుకోవాలి.

ఆ పళ్లెం సంగతి. 2020లో భారత వైద్య పరిశోధనా మండలి పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని, పాలిచ్చే తల్లులకు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 కావాలని నిర్ణయించింది. మన పత్తి, మిరప చేలలో కూలికి పోయే స్త్రీ ఏమి తింటున్నది? తెల్లవారుజామున అన్నం, పచ్చడి గిన్నెలో సర్దుకుంటుంది. మధ్యాహ్నం చేనిగట్టున అదే. రాత్రి అన్నం, పలచని చారు. అరకిలో బియ్యంలో దొరికేది 50 మిల్లీగ్రాములు మాత్రమే. ఇంట గేదె ఉంటుంది. పాలన్నీ తెల్లవారేసరికి కేంద్రానికి పోతాయి. పిల్లవానికి ఒక గ్లాసు, మగవారికి కాఫీ, ఆమెకు గిన్నె కడిగిన మజ్జిగ. ముగ్గురిని కని పాలిచ్చిన తల్లి పాతర ఎంత మిగిలి ఉంటుంది? అరవై ఏళ్లకు మెట్టు జారి తుంటి విరిగితే కర్మ అంటారు.

ఖరీదైన వస్తువులు అక్కరలేదు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములున్నది. మా తాతల కాలంలో ఈ మెట్టలలో రాగి సంకటి, వరిగ అన్నమే నిత్యభోజనం. బియ్యం పండుగనాటి మాట. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి విసిరించుకోవాలి. లేదా పిండిని రాత్రి పులియబెట్టి ఉదయం అంబలి కాచుకోవాలి. గింజలో సున్నాన్ని బంధించి ఉంచే ఫైటేటు దీనివలన తగ్గుతుంది. అంబలి మన పెద్దలు పేదరికం వల్ల త్రాగారని కొందరంటారు. కావచ్చు, కాని ఎరిగే పులియబెట్టారు. ఒక చెంచాడు, అనగా 10 గ్రాముల నువ్వులలో సుమారు 120 మిల్లీగ్రాములు. బెల్లంతో దంచిన చిమ్మిలి ఆడపిల్లలకు పెట్టే ఆచారం ఊరక రాలేదు. మునగాకు, అవిసాకు, పొన్నగంటికూర, కరివేపాకు పొడి, ఉలవచారు అన్నీ ఈ వర్గంలోనివే. పాలకూరలో సున్నమున్నా ఆక్సాలికామ్లం దానిని పట్టి ఉంచుతుంది గనుక దానిపై ఆధారపడవద్దు. మాంసాహారులు ముల్లుతో నమిలే చిన్న చేపలు తినవచ్చును. గ్లాసెడు పాలు, గుప్పెడు నువ్వులు, పూటకు రాగి అంబలి, ఒక ఆకుకూర ఉంటే లెక్క చాలవరకు సరిపోతుంది.

నల్లేరు గురించి వేరుగా వ్రాయాలి. సంస్కృతంలో అస్థిశృంఖల, వజ్రవల్లి. గొలుసులాగా కణుపు కణుపుగా కంచెల మీద పాకుతుంది. వాతకఫహరం, విరిగిన ఎముకను అతికించేది. లేత కాడలు మాత్రమే కోసి, చేతులకు నూనె రాసుకుని కణుపులు, అంచుల నార తీసివేయాలి. నూనె రాసుకోకపోతే దురద. ముక్కలను నూనెలో రంగు మారేదాకా వేయించి, మినపపప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు చేర్చి రోట నూరవలెను. సరిగా వేగకపోతే నాలుక, గొంతు గీరుకుంటాయి. ఉష్ణవీర్యం గనుక అమ్లపిత్తం ఉన్నవారు, గర్భిణులు మానడం మంచిది. ఇందులోని చింతపండు కూడా తక్కువది కాదు. చింతపండు తిన్నవారి మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోతున్నదని జాతీయ పోషకాహార సంస్థ వారు 2002లో ప్రకటించారు. అలాగని విషపు నీరు త్రాగుతూ పులుసు పోసుకుంటే సరిపోతుందని అనుకోకూడదు.

ఎండ లేనిదే తిన్న సున్నం ఒంటబట్టదు. డి విటమిను చర్మంలో తయారవుతుంది. ఎండకు కరువు లేని గుంటూరు సీమలో ఈ లోపమేమిటని మీరడగవచ్చు. తిరుపతి వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులు దక్షిణాదివారిలో తిండిలో కాల్షియం తక్కువ, ఫైటేటు ఎక్కువ, పైగా డి విటమిను లోపం ఉన్నవని 2007లో వెల్లడించారు. మిరప కోతకు పోయే స్త్రీలు ఘాటుకు, ఎండకు భయపడి ముఖం, చేతులు గుడ్డతో చుట్టుకుంటారు. అది అవసరమే. పట్టణ స్త్రీలు గడప దాటరు. ఉదయపు నీరెండ ఆహ్లాదకరమే గాని, విటమిను కలిగించే కిరణాలు పది గంటల తరువాతనే తగినంత ఉంటాయి. చేతులు, కాళ్లు తెరచి పావుగంట, ఇరవై నిమిషాలు చాలును. వడగాడ్పుల రోజులలో మినహాయించుకోండి.

మాత్రలు వాడేవారికి రెండు సూచనలు. గర్భిణులకు ఇచ్చే కాల్షియం మాత్రను, ఇనుము మాత్రను ఒకేసారి మింగరాదు. ఒకటి రెండవదానిని అడ్డగిస్తుంది. కనీసం రెండు గంటల ఎడం ఉండవలెను. మూత్రపిండాలలో రాళ్లు ఉన్నవారు వైద్యుని అడగకుండా మాత్రలు గాని, మా భస్మాలు గాని వాడరాదు. శంఖభస్మం కూడా కాల్షియమే. ఆయుర్వేదం గనుక ఎంత తిన్నా ఫరవాలేదనే మాట ఏ గురువూ చెప్పలేదు.

ఆ పొదిలి రైతు నడుము తిరిగి వంగలేదు. ఇంటివారు త్రాగునీరు వేరే ఊరి నుండి బండి మీద తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒకటి రెండేళ్లకు పోట్లు తగ్గి నిద్ర పట్టసాగింది. తరువాత వారి ఊరికి సాగరు నీరు గొట్టాలలో వచ్చింది. పంటి పింగాణీ ఏర్పడేది ఎనిమిదేళ్ల లోపుననే గనుక, ఆ వయసులోపు నీరు మారిస్తే పన్ను చెడదు. కొన్నేళ్ల క్రితం ఆయన మనుమణ్ణి, వాని స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి ఇద్దరినీ నా ఎదుట నోరు తెరవమన్నారు. మనుమని పళ్లు తెల్లగా ఉన్నాయి. రెండవ పిల్లవాని ముందుపళ్ల మీద సన్నని గోధుమ చార.

“వీళ్లింట్లో ఇంకా పాత బోరు నీళ్లే తాగుతున్నారయ్యా. రుచిగా ఉంటయ్యంట. మీరొక మాట రాసిస్తే వాళ్ల నాయనకు చూపిస్తా” అన్నారు.

కాగితం తీసి వ్రాశాను.